తుఫాను రోజున కబురు చేర్చాలంటే: హ్యామ్ రేడియో వాలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

2004 డిసెంబర్ 26, ఆదివారం. పొద్దున్నే ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. కాసేపటికే సునామీ అండమాన్ నికోబార్ దీవుల మీద పడింది. ఫోన్లు మూగబోయాయి, కరెంటు పోయింది. ఆ సమయానికి పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక హోటల్లో హైదరాబాద్‌కు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం మూడు వారాలుగా మకాం వేసి ఉంది. ఆ బృందానికి భారతీ ప్రసాద్ నాయకురాలు. వాళ్లు అక్కడికి వెళ్లిన పని వేరు. ఆ దీవుల నుంచి చాలా ఏళ్లుగా హ్యామ్‌ల, అంటే లైసెన్స్ తీసుకుని అభిరుచి కొద్దీ సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్ల, సిగ్నల్ గాల్లోకి రాలేదు, అక్కడి స్టేషన్‌తో ఒక్కసారైనా మాట్లాడాలని ప్రపంచంలోని హ్యామ్‌లు ఎదురుచూస్తున్నారు, అందుకోసం వెళ్లారు. భూకంపం వచ్చిన రోజు నుంచి అవే రేడియోలు ప్రధాన భూభాగానికి కబుర్లు మోశాయి. ఆచూకీ తెలియక తల్లడిల్లుతున్న ఎంతోమంది బంధువులకు క్షేమ సమాచారం వాటి ద్వారా అందింది.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నా మనసు ఒక్కచోటే ఆగుతుంది. భూమి కంపించే సమయానికి ఆంటెన్నా అప్పటికే పైన కట్టి ఉంది. మైకు దగ్గర కూర్చున్నవాళ్లకు గోలలోంచి ఒక్క గొంతును పట్టుకుని వినడం అప్పటికే అలవాటైంది. వాయుగుండం తుఫానుగా మారిందని టీవీలో చెప్పాక రేడియో నేర్చుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఎండ కాసే రోజుల్లో చేసుకోవాల్సిన పనుల గురించే.

"ఇప్పుడు శాటిలైట్ ఫోన్లున్నాయి కదా, పోలీసు వైర్‌లెస్ ఉంది కదా, ఇంకా హ్యామ్‌లెందుకు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కలెక్టరేట్‌లో శాటిలైట్ ఫోన్ ఉంటుంది. కానీ లంక గ్రామంలో, బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో ఉండదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖ అంతటి నగరంలోనే కరెంటూ సెల్ సిగ్నలూ ఒకేసారి పోయాయి. మొదటి రెండు మూడు రోజులు, అదీ చివరి ఊరి దగ్గర, మన అవసరం ఉంటుంది.

1. ముందు లైసెన్స్

లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడం కూడా చట్టరీత్యా నేరమే. ఆన్‌లైన్‌లో వాకీటాకీ సులభంగా దొరికినంత మాత్రాన అది వాడే హక్కు వచ్చినట్టు కాదు.

కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం నిర్వహించే ఏఎస్ఓసీ, అంటే అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్, పరీక్ష రాయాలి. పన్నెండేళ్లు నిండితే చాలు. రెండు గ్రేడ్లున్నాయి: రెస్ట్రిక్టెడ్, జనరల్. రెస్ట్రిక్టెడ్‌కు రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదువుకుంటే సరిపోతుంది. జనరల్‌కు చుక్కలు, గీతలతో కబురు పంపే మోర్స్ కోడ్ కూడా రావాలి. పాసయ్యాక వచ్చే కాల్‌సైన్, అంటే గాల్లో మీ స్టేషన్‌ను గుర్తించే పేరు, సాధారణంగా రెస్ట్రిక్టెడ్‌కు వీయూ3తో, జనరల్‌కు వీయూ2తో మొదలవుతుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేయాలి. ఫీజులు, ఏ గ్రేడుకు ఎంత పవర్ అన్నవి అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి అక్కడే చూసుకోండి.

పరీక్ష రాసేలోపు ఖాళీగా ఉండొద్దు. ఇంటర్నెట్‌లో బ్రౌజర్‌లోనే వినగలిగే వెబ్ఎస్‌డీఆర్ రిసీవర్లు ఉచితంగా దొరుకుతాయి. రోజూ అరగంట 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వినండి. ఎవరు ఎప్పుడు మాట్లాడుతున్నారు, ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఎలా ఆగుతున్నారు, కాల్‌సైన్ ఎలా చెబుతున్నారు, ఇవన్నీ చెవికి పడతాయి.

2. ఏ సెట్ ఎంత దూరం?

కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్ అట్టపెట్టె మీద రాసినంత దూరం పోదు. మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న రెండు మీటర్ల బ్యాండ్‌లో సిగ్నల్ దాదాపు చూపు ఆనినంత మేరే వెళ్తుంది. దీనికి చిన్న లెక్క ఉంది: రెండు ఆంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, ఒక్కోదానికి వర్గమూలం కట్టి, రెండూ కలిపి 4.12తో గుణించండి. ఇద్దరూ నేల మీద నిలబడి ఉంటే, అంటే ఆంటెన్నా మీటరున్నర ఎత్తులో ఉంటే, అడ్డంకులు లేని చోట పది కిలోమీటర్లు వస్తుంది. ఇళ్ల మధ్య, తోటల మధ్య రెండు మూడు కిలోమీటర్లకే తెగిపోతుంది. ఒక ఆంటెన్నాను పదిహేను మీటర్ల బిల్డింగ్ మీదకు ఎక్కిస్తే అదే లెక్క ఇరవై ఒకటికి పెరుగుతుంది. పవర్ పెంచడం కంటే ఎత్తు పెంచడం మేలు.

విన్న సిగ్నల్‌ను ఎత్తు నుంచి మళ్లీ ప్రసారం చేసే రిపీటర్ ఉంటే ఇంకా దూరం పోవచ్చు గానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. తుఫానులో రిపీటర్ టవర్‌కూ కరెంటు ఉండదు. నేరుగా సెట్ నుంచి సెట్‌కు మాట్లాడే సింప్లెక్స్ ఛానెల్ ఒకటి మీ బృందం ముందే ఖాయం చేసుకోవాలి.

జిల్లా దాటి మాట్లాడాలంటే అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే హెచ్ఎఫ్ సెట్ కావాలి. కొత్తది కొంటే యాభై వేలు దాటుతుంది. బృందానికి ఒకటి ఉన్నా సరిపోతుంది, అందరూ కొనక్కర్లేదు. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి హ్యామ్‌ల అంతర్జాతీయ సంఘం విపత్తు సమయాలకు సూచించిన ఫ్రీక్వెన్సీల్లో 3.600, 7.110, 14.300 మెగాహెర్ట్జ్ ఉన్నాయి. కాగితం మీద రాసి సెట్‌కు అంటించి పెట్టుకోండి.

3. ఆంటెన్నా: తీగ, తాడు, సర్వి కర్ర

సామానంతటిలో ఎక్కువ ఫలితమిచ్చేదీ, తక్కువ ఖర్చయ్యేదీ ఇదే. హార్డ్‌వేర్ షాపులో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో ఒక మధ్యాహ్నంలో కట్టేయొచ్చు.

143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్, అంటే మధ్యలో రెండుగా విడదీసిన తీగ ఆంటెన్నా, మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి ఇరవై మీటర్లు, అంటే అటు పది, ఇటు పది. మొదట ఒక్కోవైపు పది మీటర్ల ముప్పై సెంటీమీటర్లు తీసుకోండి. మధ్యలో చిన్న పీవీసీ ముక్కకు రెండు వైర్లనూ బిగించి, అక్కడి నుంచి టీవీ కేబుల్ లాంటి కోయాక్స్ కేబుల్ కిందకు దించండి. ఒక వైరు కోయాక్స్ నడిమి తీగకు, రెండోది పైజాలికి. చివర్లకు నైలాన్ తాడు. ఆంటెన్నా సెట్‌కు ఎంత బాగా సరిపోయిందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టి చూస్తే, అంకె 7.1 కంటే దిగువ ఫ్రీక్వెన్సీలో తక్కువగా కనిపిస్తోందంటే తీగ పొడవెక్కువైనట్టు. కత్తిరించొద్దు, చివర్లు రెండువైపులా సమానంగా మడిచి చుట్టండి. రేపు వేరేచోట కట్టినప్పుడు ఆ కాస్త పొడవే కావాల్సి రావచ్చు. ఎస్‌డబ్ల్యూఆర్ రెండు లోపు ఉంటే ఇక దాన్ని వదిలేసి మిగతా పని చూసుకోండి.

ఎత్తు ఎంత? ఇక్కడ చాలామందికి నమ్మబుద్ధి కాని సంగతి ఒకటుంది. పొరుగు జిల్లాతో మాట్లాడటానికి ఈ ఆంటెన్నా మరీ ఎత్తులో ఉండకూడదు. మధ్యభాగం ఐదు మీటర్ల ఎత్తులో ఉంటే సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, ఆకాశంలో చాలా ఎత్తున సిగ్నల్‌ను తిప్పికొట్టే పొర అయిన అయనోమండలం నుంచి గొడుగులా కిందకు జల్లు పడుతుంది. చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల వరకూ, మధ్యలో కొండలున్నా, ఖాళీ లేకుండా వినిపిస్తుంది. పాడేరు లోయలోంచి విశాఖకు కబురు చేర్చాలంటే వీహెచ్ఎఫ్ కంటే ఇదే దారి. ఒక సర్వి కర్ర మధ్యలో పాతి, చివర్లు మనిషి చేతికి అందనంత ఎత్తులో కడితే పనైపోతుంది. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు తీగ చివర ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, కేంద్రంలో పిల్లలుంటారు, అందుకే ఆ జాగ్రత్త. కొబ్బరిచెట్టుకు బిగించి కట్టకండి. గాలికి చెట్టు ఊగితే ముందు తెగేది మీ తీగే.

పొద్దు వాలాక 7 మెగాహెర్ట్జ్‌లో దగ్గరి స్టేషన్లు ఒక్కొక్కటే మాయమై, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతలివాళ్లు వినిపిస్తారు. సెట్ చెడిపోయిందని కంగారు పడకండి. రాత్రి 3.6కు దిగాలి, దానికి రెట్టింపు పొడవు తీగ కావాలి. అది కూడా ముందే కట్టి, చుట్టి, లేబుల్ వేసి సంచీలో పెట్టండి.

గాలి ఉధృతంగా ఉన్నప్పుడు ఆంటెన్నా దించేయండి. నెమ్మదించాక మళ్లీ ఎక్కించడానికి పావుగంట చాలు. కరెంటు తీగల దరిదాపుల్లో మాత్రం ఎప్పుడూ కట్టొద్దు. "ఊరంతా కరెంటు లేదుగా" అనుకోకండి. ఎవరో ఇంట్లో జనరేటర్ తప్పుగా కలిపితే తెగి పడిన తీగలోకి వెనక నుంచి కరెంటు వస్తుంది.

4. కరెంటు లెక్క

వంద వాట్ల హెచ్ఎఫ్ సెట్ వింటున్నప్పుడు సుమారు ఒక ఆంపియర్, పూర్తి పవర్‌తో పంపేటప్పుడు ఇరవై దాకా తాగుతుంది. అంటే ఊరికే రోజంతా వినడానికే 24 ఆంపియర్ అవర్ పోతుంది. మన ఇళ్లల్లో ఉండే 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో సగమే వాడాలి, పూర్తిగా ఖాళీ చేస్తే పాడవుతుంది. 75 మిగిలింది. పవర్ పాతిక వాట్లకు తగ్గించి, క్లుప్తంగా మాట్లాడితే రెండు రోజులు లాగొచ్చు.

సెట్‌ను బ్యాటరీకే నేరుగా కలపండి. ఇన్వర్టర్ గుండా ఏసీ చేసి మళ్లీ డీసీ చేస్తే చార్జ్ వృథా, పైగా ఇన్వర్టర్ గోల రిసీవర్‌లో నిండిపోతుంది. ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. సోలార్ ప్యానెల్ మంచిదే గానీ మబ్బు పట్టిన రోజుల్లో దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

5. కబురు రాయడం, చదవడం

వాలంటీర్ అసలు పని ఇదే. సెట్, తీగ, బ్యాటరీ అన్నీ దీని కోసమే.

మొదటి నియమం: నోటిమాటను గాల్లోకి పంపొద్దు. ఎవరు పంపుతున్నారో వాళ్ల చేత రాయించుకోండి, రాయలేకపోతే మీరు రాసి చదివి వినిపించి సంతకం తీసుకోండి. కబురు ఇలా ఉండాలి:

నంబర్: 14
ప్రాధాన్యం: అత్యవసరం
సమయం, తేదీ: 16:20, భారత కాలమానం, 12వ తేదీ
ఎక్కడి నుంచి: హైస్కూల్ పునరావాస కేంద్రం, గ్రామం, మండలం, జిల్లా
ఎవరికి: కలెక్టరేట్ కంట్రోల్ రూమ్
మాటలు: 18
విషయం: కేంద్రంలో 212 మంది ఉన్నారు. ఇన్సులిన్ కావాల్సినవారు 6 మంది. నిల్వ రేపు ఉదయం వరకే. రోడ్డు తెగింది. పడవ రామాలయం రేవుకు రావాలి.
పంపినవారు: కేంద్రం ఇన్‌ఛార్జ్, హెడ్‌మాస్టర్

మాటల సంఖ్య ఎందుకంటే, అవతలివైపు రాసుకున్నాయన లెక్కపెట్టి పదిహేడే వస్తే ఏదో జారిపోయిందని అక్కడికక్కడే తెలుస్తుంది. "భారత కాలమానం" ఎందుకంటే, హ్యామ్‌లు లాగ్‌బుక్‌లో అంతర్జాతీయ సమయం రాస్తుంటారు. ఐదున్నర గంటల తేడా పడితే ఇన్సులిన్ పొద్దున్న రావాల్సింది మధ్యాహ్నానికి వస్తుంది. గ్రామం పేరు పక్కన మండలం, జిల్లా తప్పనిసరి. రామాపురాలూ కొత్తపల్లులూ ఎన్ని జిల్లాల్లో ఎన్నున్నాయో మనకు తెలియంది కాదు.

ఇక తెలుగులో చదవడం గురించి. మన భాషకు రేడియోలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. అంకెలు ముందు చూద్దాం. గరగర మధ్య "అరవై"కి "ఇరవై"కి తేడా తెలియదు. "యాభై", "ఎనభై" కూడా అంతే. అందుకే ఒక్కో అంకె విడదీసి చెప్పాలి: "అరవై... ఆరు, సున్నా". 212 అయితే "రెండు, ఒకటి, రెండు". పేర్లు, మందులు ఇంగ్లిష్ అక్షరాల్లో చెప్పాల్సి వస్తే ఏ అంటే ఆల్ఫా, బీ అంటే బ్రావో, సీ అంటే చార్లీ అనే పద్ధతి వాడండి.

రెండోది ఇంకా ప్రమాదకరం. తెలుగులో వాక్యం చివరే అసలు సంగతి తేలుతుంది. "మందులు అంద..." దాకా వినిపించి తెగిపోతే అందాయో, అందలేదో ఎలా తెలుస్తుంది? మాట చివరి అక్షరం పలుకుతూనే బటన్ వదిలేసే అలవాటు దాదాపు అందరికీ ఉంటుంది. మా డ్రిల్‌లో ఒకసారి "పడవ గుడి వద్ద" అని పంపితే అవతల "పడవ వద్దు" అని రాసుకున్నారు. "గుడి" అన్న మాట గరగరలో పోయింది. అది డ్రిల్ కాబట్టి సరిపోయింది గానీ, ఆ కాగితం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మా బృందంలో "వద్ద" అన్న మాట వాడం, "దగ్గర" అంటాం. "లేదు" ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదువుతాం. బటన్ నొక్కాక ఒక సెకను ఆగి మొదలుపెట్టండి, మాట అయ్యాక ఇంకో సెకను పట్టుకుని ఉంచండి.

విన్నవాళ్లు మొత్తం తిరిగి చదవాలి. "రోజర్" అంటే విన్నానని మాత్రమే, సరిగ్గా రాసుకున్నానని కాదు. ఒకరినొకరు పిలుచుకోవడం ఇలా సాగుతుంది:

"కంట్రోల్, హైస్కూల్. అత్యవసరం ఒకటి ఉంది. ఓవర్."

"హైస్కూల్, పెన్ను పట్టుకున్నా. నిదానంగా చెప్పండి మాస్టారూ. ఓవర్."

ఈ తాత్కాలిక పేర్లతో పాటు మీ కాల్‌సైన్ కూడా మధ్యమధ్యలో చెబుతుండాలి.

ఇంకొకటి. మనం మాట్లాడేది ఎవరైనా వినొచ్చు, రహస్య సంకేతాల్లో పంపడానికి హ్యామ్‌లకు వీల్లేదు. కాబట్టి చనిపోయినవారి పేర్లు గాల్లో చదవకండి. పక్క ఊళ్లో ఆ ఇంటివాళ్లే వింటూ ఉండొచ్చు. ఆ సమాచారం ఎలా పంపాలో అధికారిని అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

"అట"తో ముగిసే కబురు కూడా పంపొద్దు. "ఏటిగట్టు తెగిందట" అని పరుగెత్తుకొచ్చిన కుర్రాణ్ణి తప్పుబట్టక్కర్లేదు, భయంతో వచ్చాడు. ఎవరు చూశారు, ఎక్కడ, ఎన్ని గంటలకు అని అడగండి. చూసినవాళ్ల పేరుతో, అధికారి సంతకంతో వస్తే అది కబురు.

6. నెట్‌లో నడుచుకునే తీరు

చాలా స్టేషన్లు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి పనిచేయడాన్ని నెట్ అంటారు, అందులో ఒకరు కంట్రోల్‌గా ఉంటారు. వారు పిలిస్తేనే మాట్లాడాలి. ముందు కనీసం రెండు నిమిషాలు వినండి. మీ దగ్గర ప్రాణం మీదకొచ్చిన కబురుంటే ఇద్దరి మాటల మధ్య సందు చూసి "బ్రేక్, అత్యవసరం" అని కాల్‌సైన్ చెప్పి ఆగండి. స్నానానికి లేచినా సరే, కంట్రోల్‌కు చెప్పి వెళ్లండి.

ప్రాధాన్యాలు నాలుగు: అత్యవసరం, ముఖ్యం, క్షేమ సమాచారం, మామూలు. క్షేమ సమాచారం మూడో స్థానంలో ఉండటం కొత్తవాళ్లకు మనసొప్పదు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు అమ్మ గురించి అడుగుతుంటే ఆపమంటారా అని బాధపడతారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ పడవ కబురు వెళ్లాకే ఆ కబురు వెళ్లాలి.

7. అధికారులతో పరిచయం ముందే

జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే చైర్‌పర్సన్. తుఫాను సీజన్‌కు ముందే, సెప్టెంబర్‌లోపు, మీ బృందం పేర్లు, కాల్‌సైన్లు, సామాను జాబితా ఒక్క పేజీలో రాసి కలెక్టరేట్‌లో ఇవ్వండి. తహసీల్దారును కలిసి, కంట్రోల్ రూమ్‌లో మీ సెట్ ఎక్కడ పెట్టొచ్చో, ఆంటెన్నా కేబుల్ ఏ కిటికీలోంచి తేవచ్చో చూసుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆ రోజున కిటికీ గొడవే గంట తినేస్తుంది.

పిలవకుండా వెళ్లకండి. తిండి, నీళ్లు, పడక మీవి మీరే తెచ్చుకోవాలి. లైసెన్స్ కాపీ జేబులో ఉండాలి. ఈ పనికి డబ్బు తీసుకోకూడదు. మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు మోయడానికి నిబంధనలు ఒప్పుకోవు, విపత్తులో అధికారులు కోరినప్పుడు మోస్తాం. వాళ్లు అడిగినట్టు కాగితం ఒకటి మీ దగ్గర ఉంటే మీకూ, వాళ్లకూ నిశ్చింత.

సాధనకు జాతరలను మించిన చోటు లేదు. పశ్చిమ బెంగాల్‌లో గంగాసాగర్ మేళాలో హ్యామ్‌లు తప్పిపోయినవాళ్లను ఇంటివాళ్లతో కలుపుతుంటారు. మనకూ మేడారం ఉంది, పుష్కరాలున్నాయి. జనం గోలలో, దుమ్ములో, నిద్ర లేకుండా రెండు రోజులు పనిచేస్తే ఎవరికి ఓపికుందో, ఎవరి చేతిరాత చదవలేమో తెలిసిపోతుంది. జాతర లేని నెలల్లో ఒక ఆదివారం ఇంట్లో మెయిన్ ఆపేసి బ్యాటరీ మీదే నెట్ నడపండి.

8. హెచ్చరిక వచ్చాక

తీరం దాటడానికి రెండు రోజుల ముందు అన్ని బ్యాటరీలు నింపండి. హ్యాండ్ సెట్లకు అదనపు బ్యాటరీలు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, పెన్సిళ్లు, కార్బన్ పేపర్, టార్చి, ప్లాస్టిక్ సంచులు సర్దండి. పెన్సిలే ఎందుకంటే తడి కాగితం మీద పెన్ను రాయదు. బృందంలో ఎవరు ఎక్కడ ఉంటారో, మొదటి పిలుపు ఎన్ని గంటలకో ఫోన్లు పనిచేస్తుండగానే తేల్చుకోండి. "ప్రతి గంట మొదటి ఐదు నిమిషాలు ఈ ఛానెల్‌లో వింటాం" అన్న ఒప్పందం ఉంటే బ్యాటరీ మిగులుతుంది, ఎవరూ తప్పిపోరు. మీ ఇంటివాళ్లను క్షేమమైన చోట దింపాకే బయల్దేరండి. మనసు ఇంటి దగ్గరుంటే చెవి రేడియోలో ఉండదు.

ఒక్కో ఆపరేటర్‌కు ఆరు గంటల డ్యూటీ చాలు, ఎనిమిది దాటితే అంకెలు తారుమారవుతాయి. పక్కన రాసుకోవడానికి ఇంకొకరు ఉండాలి. లైసెన్స్ లేనివాళ్లు, ముఖ్యంగా చక్కగా రాసే కాలేజీ పిల్లలు, ఈ పనికి బాగా ఉపయోగపడతారు.

ఫోన్లు తిరిగొచ్చాక సెట్ ఆపేసి వెళ్లిపోకండి. లాగ్‌లో ఉన్న ప్రతి కబురూ తిరగేసి, జవాబు రానివి ఏవో చూడండి. పద్నాలుగో నంబర్ ఎన్ని గంటలకు చేరింది, ఎవరు తీసుకున్నారు, ఇన్సులిన్ వచ్చిందా? రాకపోతే మళ్లీ పిలవండి. వస్తే హెడ్‌మాస్టారు దగ్గరకు వెళ్లి, ఆయన సంతకం పెట్టిన కాగితం మీదే చేరిన టైము రాసి ఆయన చేతికివ్వండి. ఆ తర్వాత కంట్రోల్‌కు చెప్పి, ఆంటెన్నా దించండి.